గీత పడని స్ట్రిప్పు

ఆ పొద్దున ఆరూ అయిదుకు ల్యాబు తలుపు కార్డుతో తెరుచుకుంది. ఆరూ ఇరవై మూడుకు ‘నీళ్ళు శుభ్రం’ అన్న సర్టిఫికెట్టు కంప్యూటర్లోంచి బయటికి వెళ్ళింది. మధ్యలో ఉన్నది పద్దెనిమిది నిమిషాలు. ఆ కాసేపట్లో టెస్టరమ్మాయి పరీక్ష చేసిందా, చెయ్యకుండానే సంతకం గిలికేసిందా? సాయంత్రం అయిదింటికల్లా ఆ జవాబు విచారణాధికారి బల్ల మీద ఉండాలి. ఇప్పుడు రెండు దాటింది.

జవాబు చెప్పాల్సిన అమ్మాయి లేదు. ఆ రోజు నీళ్ళ క్యాన్లు వెళ్ళిన ఇళ్ళల్లో డెబ్భై మంది ఆసుపత్రి పాలయ్యారు, నలుగురు పోయారు. ఆ నలుగురిలో ఇద్దరు బడికెళ్ళే పిల్లలు, ఒకావిడ బాలింత. నాలుగోది టెస్టరమ్మాయి.

డిటెక్టివ్‌ని అందరూ నత్త అంటారు. వెనకాల అనేవాళ్ళు కొందరు, మొహం మీదే అనేవాళ్ళు కొందరు. ఒక గదిలోకి వెళితే అక్కడి బల్లకి ఎన్ని కాళ్ళో లెక్కపెడితే గాని కూర్చోని రకం. ఆ మాటకి ఆయన నొచ్చుకోడు. నత్త కూడా గమ్యం చేరుతుందిగా అంటాడు. ఈ కేసు తెచ్చింది మాత్రం ఆయన చరిత్ర వినో, ఫీజు తక్కువనో వచ్చినవాళ్ళు కాదు. టెస్టరమ్మాయి తండ్రి. ఈ నీళ్ళ ప్లాంటులోనే ఇరవై ఆరేళ్ళు ల్యాబు నడిపి రిటైరైన మనిషి. అందరికీ మాస్టారు. మొన్న పొద్దున వచ్చి కుర్చీ అంచున కూర్చుని ఒకటే మాట అడిగారు.

“మా ఇంటి గోడ మీద హంతకురాలు అని బొగ్గుతో రాశారు బాబూ. రెండుసార్లు కడిగాను. మళ్ళీ రాశారు. అది నిజమైతే నేను కడగను. అబద్ధమైతే ఎవరో ఒకరు చెప్పాలి కదా?”

ఆ పెద్దాయన ఇప్పుడు గేటు బయట సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నారు. లోపలికి రానివ్వలేదు. ఆయన కట్టిన ల్యాబులోకే ఆయనకి పాసు లేదు.

“ఇంకెంతసేపు గురువుగారూ?” అన్నాడు టైబాబు వాచీ చూసుకుంటూ. కంపెనీ పెట్టుకున్న డిటెక్టివ్ అతను. పదేళ్ళ క్రితం నత్త దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నన్నాళ్ళు చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకునేవాడు కాదు, ఇప్పుడు మండుటెండలోనూ టై ఊడదు. “తేలిపోయిన కేసు. సీసా ఒకటి, స్ట్రిప్పు ఒకటి. రెండూ ఎదురెదురుగా ఉన్నాయి. చిన్నపిల్లాడైనా చెప్తాడు.”

అతని మాటలో పస లేకపోలేదు. ఈ ప్లాంటులో రోజూ పొద్దున పరీక్ష చేసిన నీళ్ళనే ఒక సీసాలో పోసి, సీలు వేసి, వారం రోజులు ఫ్రిజ్‌లో దాస్తారు. ఆ రోజు సీసాలో సగం ప్రభుత్వ ల్యాబు తీసుకెళ్ళి చూసింది. అందులో పురుగు కాదు, పుట్ట ఉంది. బోరు పక్కన మురుగు పైపు పగిలి, వానకి ఆ మురుగంతా తిన్నగా బోరులోకి దిగింది. చుక్కకి లక్షల్లో బ్యాక్టీరియా అని రాసిచ్చారు. క్లోరిన్ యంత్రం కూడా అంత మురుగుకి చేతులెత్తేసింది.

ఇక స్ట్రిప్పు. వేలెడు పొడవున్న కాగితం పట్టీ. దాని మొదట్లో కంటికి కనపడనంత సన్నటి బంగారం నలుసులు అద్ది ఉంటాయి. బంగారం అంత చిన్నదైతే పచ్చగా ఉండదు, ఎర్రగా ఉంటుంది. ఆ నలుసులు బ్యాక్టీరియాకి అంటుకుని, నీళ్ళతో పాటు పట్టీ మీద పాకుతాయి. నీళ్ళలో బ్యాక్టీరియా ఉంటే పట్టీ మధ్యలో ఎర్ర గీత పడుతుంది. చివర్న ఇంకో గీత ఎప్పుడూ పడాలి, పట్టీ పనిచేసిందని అదే సాక్ష్యం. టెస్టరమ్మాయి రోజూ వాడిన స్ట్రిప్పుని తేదీ వేసి పుస్తకంలో అంటించేది. ఆ రోజు స్ట్రిప్పు కూడా ఉంది. చివరి గీత చక్కగా పడింది. మధ్య గీత జాడే లేదు.

“సీసా నిండా చావు, స్ట్రిప్పు మీద శుభ్రం,” అన్నాడు టైబాబు. “అంటే ఆ స్ట్రిప్పు ఈ నీళ్ళలో మునగలేదు. బద్ధకించి కూలర్ నీళ్ళలో ముంచి అంటించింది. పాపం, పోయినవాళ్ళ కళ్ళు చేరెడు అంటారు. నేనూ కాదనను. కానీ నిజం నిజమే.”

ల్యాబులో గాజు సామాను కడిగే ఆవిడ తలుపు దగ్గర కొంగు నలుపుతూ నిలబడి ఉంది. నత్త ఆమె వైపు తిరిగాడు.

“ఆ పొద్దున నువ్వెన్నింటికి వచ్చావమ్మా?”

“ఆరుకి ముందే సార్. అమ్మాయిగారి కంటే ముందు రావాలి కదా, గ్లాసులు ఆరబెట్టాలి.”

“అమ్మాయి లోపలికొచ్చాక ఏం చేసిందో వరసగా చెప్పు. తొందరేం లేదు.”

“కుళాయి తిప్పి కాసేపు వదిలేశారు. ఎప్పుడూ వదిలేస్తారు, పైపులో నిలవనీళ్ళు పోవాలని. తర్వాత సీసా పట్టారు. గాజు గొట్టంలో కొంచెం పోసి పట్టీ పెట్టారు. గడియారం పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ చిన్నప్పటి సంగతేదో చెప్పి నవ్వించారు. గంట మోగింది, చూశారు, అంటించారు.”

“గంట ఎన్ని నిమిషాలకి?”

“పదిహేను. ఎప్పుడూ పదిహేనే.”

రెండు నిమిషాలు కుళాయి, పదిహేను పట్టీ, ఒకటి కంప్యూటరు. నత్త వేళ్ళు మడిచాడు. పద్దెనిమిదీ సరిపోయాయి.

“పనిమనుషులు అమ్మగారిని వెనకేసుకు రావడం కొత్తేమీ కాదు,” అన్నాడు టైబాబు.

ఆవిడ చివాల్న తలెత్తింది. “నేను ఎవరినీ వెనకేసుకు రాలేదయ్యా. ఆ తర్వాత అదే సీసాలోంచి గ్లాసులో పోసుకుని తాగారు. ఊరివాళ్ళకి పంపే నీళ్ళు ముందు మనం తాగాలి, అప్పుడే సంతకానికి విలువ అనేవారు. ఆ గ్లాసు ఈ చేతుల్తోనే కడిగాను. వద్దమ్మా అని ఒక్క మాట అన్నా బతికుండేది కదా అని రోజూ ఏడుస్తున్నాను. వద్దని ఎందుకంటాను? నాకేం తెలుసు?”

నత్త తన కుర్చీ ఆమె వైపు జరిపి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

“సరే,” అన్నాడాయన టైబాబు వైపు తిరిగి. “స్ట్రిప్పుని నువ్వు పుస్తకంలో చూశావు. నీళ్ళని ఫ్రిజ్‌లో చూశావు. ఈ రెండింటినీ కలిపి ఎవరైనా చూశారా?”

“అంటే?”

“సీసాలో ఇంకా సగం నీళ్ళున్నాయి. అదే పెట్టెలో ఇంకా స్ట్రిప్పులున్నాయి. ఒకటి ముంచుదాం. మనిద్దరి ముందూ సీలు విప్పొచ్చని విచారణాధికారి ఉత్తరంలోనే ఉంది.”

టైబాబు నవ్వాడు. “కొండని తవ్వి ఎలుకని పట్టాలని ఉంటే కానివ్వండి. ఎర్ర గీత పడుతుంది. ఆ పిల్ల దొంగ అని మీ చేత్తో మీరే నిరూపించినట్టవుతుంది.”

ఇద్దరూ సంతకాలు చేశారు. చేతులకి రబ్బరు తొడుగులు, మొహాలకి గుడ్డలు. నత్త సీసా మూత తీసి, గాజు గొట్టంలో పోసి, పట్టీ నిలబెట్టాడు. రెండూ ముప్ఫై రెండు. తడి మెల్లగా పైకి పాకింది. నత్తకి లోపల భయంగానే ఉంది. గీత పడితే గేటు బయటికి వెళ్ళి ఆ పెద్దాయనతో, గోడ కడగొద్దు అని చెప్పాలి.

రెండూ నలభై ఏడు. గంట మోగింది.

చివరి గీత ఎర్రగా పడింది. మధ్యలో తెల్లగా ఉంది. గీత లేదు.

టైబాబు పట్టీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహంలో రంగు దిగిపోయింది. తేరుకోవడానికి మాత్రం అతనికి ఎక్కువసేపు పట్టలేదు.

“అయితే స్ట్రిప్పులే చెత్తవి. తయారుచేసినవాళ్ళు ముంచారు. అమ్మాయి తప్పు లేదు, కంపెనీ తప్పూ లేదు. గురువుగారూ, మనిద్దరం ఒకే మాట మీదకి వచ్చేశాం!”

“చెత్తదైతే చివరి గీత ఎందుకు పడింది?” అంటూ నత్త స్ట్రిప్పుల పెట్టె అడుగున ఉన్న మడతల కాగితం తీశాడు. చీమ తలకాయంత అక్షరాలు. భూతద్దం పెట్టి మొదటి అక్షరం నుంచి మొదలెట్టాడు. టైబాబు ఫోను చూసుకున్నాడు, టై సర్దుకున్నాడు, నిట్టూర్చాడు. పన్నెండు నిమిషాల తర్వాత నత్త వేలు ఒక చోట ఆగింది.

“అమ్మా, శుభ్రమైన గొట్టాలు ఇంకో రెండు ఇస్తావా? మరిగించి చల్లార్చిన నీళ్ళు కూడా కావాలి.”

ఆవిడ తెచ్చింది గాని, వింతగా చూసింది. “మూడు గొట్టాలా సార్? ఈ పరీక్షకి నేను రోజూ కడిగేది ఒక్కటే.”

“రోజూ ఒక్కటేనా? ఎప్పుడూ?”

“ఒక్కటే. గొట్టాల లెక్క నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?”

నత్త సీసాలోంచి ఒక పాలు తీసి తొమ్మిది పాళ్ళ మంచినీళ్ళలో కలిపాడు. అందులోంచి మళ్ళీ ఒక పాలు తీసి ఇంకో తొమ్మిదిలో కలిపాడు. రెండు పట్టీలు నిలబెట్టాడు. మళ్ళీ పదిహేను నిమిషాలు.

పదిపాళ్ళు పలచన చేసిన దాంట్లో మధ్య గీత లేత గులాబీ రంగులో పడింది. వందపాళ్ళు పలచన చేసిన దాంట్లో రక్తంతో గీసినట్టు పడింది.

“ఇదేం మాయ?” అన్నాడు టైబాబు. అతని గొంతులో వెటకారం లేదు. “నీళ్ళు కలిపితే విషం తగ్గాలి గాని, బయటపడ్డం ఏమిటి?”

“బస్సు అనుకో,” అన్నాడు నత్త. “మధ్య గీత దగ్గర కొన్ని సీట్లున్నాయి. బంగారం అంటుకున్న బ్యాక్టీరియా ఎర్ర చొక్కా వేసుకున్న ప్రయాణికుడు. అతను కూర్చుంటేనే మనకి ఎరుపు కనిపిస్తుంది. కానీ చొక్కాలు కొన్నే ఉన్నాయి. కొద్దిమంది వస్తే అందరికీ చొక్కాలు అందుతాయి, సీట్లో కూర్చుంటారు, గీత పడుతుంది. లక్షల్లో విరుచుకుపడ్డారనుకో. చొక్కాలేనివాళ్ళే తోసుకొచ్చి సీట్లన్నీ నింపేస్తారు. ఎర్ర చొక్కాలవాళ్ళు చోటు లేక ముందుకెళ్ళి చివరి గీత దగ్గర దిగిపోతారు. బస్సు కిక్కిరిసి ఉంటుంది. మన కంటికి మాత్రం ఖాళీ. అందుకే నీళ్ళని అలాగే ఒకసారి, పలచన చేసి ఇంకోసారి చూడమని ఈ కాగితంలో రాశారు.”

అందరికంటే చెడ్డ నీళ్ళే అందరికంటే మంచినీళ్ళలా కనిపిస్తాయన్న మాట. ఆ అమ్మాయి చూసింది, నమ్మింది, తాగింది. నత్తకి కళ్ళు చెమర్చాయి. చేతులకి తొడుగులుండటంతో తుడుచుకోవడం కుదరలేదు.

“అయితే పలచన చెయ్యడం మానేసింది కదా!” టైబాబు గొంతు లేచింది. “కాగితంలో ఉన్నది చెయ్యలేదు. తప్పు ఆమెదే!”

“తను రోజూ చూసే కాగితంలో ఏముందో చూద్దాం ముందు.”

పనిచేసే పద్ధతి చెప్పే కాగితం అట్టకి అంటించి గోడకి వేలాడదీసి ఉంది. అచ్చువేసిన ఏడు అంశాలు. నాలుగోది: శాంపిల్‌ను పదిపాళ్ళు, వందపాళ్ళు పలచన చేసి మరల పరీక్షించవలెను. దాని మీద స్కేలు పెట్టి ఆకుపచ్చ సిరాతో ఒక గీత కొట్టి ఉంది. పక్కన ముత్యాల్లాంటి చేతిరాత: ‘శాంపిల్‌లో చుక్క నీళ్ళు కూడా కలపరాదు. కలిపినవారు ఈ ల్యాబులో ఉండరాదు.’ కింద తేదీ.

నత్త తేదీ రెండుసార్లు చదివాడు. ఏడేళ్ళ క్రితంది. టెస్టరమ్మాయి ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. చేరిన రోజు నుంచీ ఆమె ముందున్నవి ఆరు అంశాలే. ఆరూ తు.చ. తప్పకుండా చేసింది.

అప్పుడు ల్యాబు పెద్ద ఎవరో ఎవరినీ అడగక్కర్లేదు. గేటు బయట కూర్చుని ఉన్నారు.

ఆ సంగతి టైబాబుకీ అందింది. గట్టిగా శిష్యరికం చేసినవాడే మరి. అట్టని గోడ మీంచి తియ్యబోయాడు. నత్త చెయ్యి అడ్డంపెట్టాడు.

“గురువుగారూ, ఒక్క నిమిషం వినండి.” టైబాబు గొంతు తగ్గించాడు. “ఈ కాగితం కంపెనీ గోడ మీద ఏడేళ్ళుంది. బయటపడితే కంపెనీ మూతబడుతుంది, అది నా బాధ. మీ బాధ చూడండి. స్ట్రిప్పులు పనిచెయ్యలేదని ఇద్దరం రాద్దాం. అమ్మాయి పేరు కడిగిన ముత్యంలా ఉంటుంది. ఆ పెద్దాయన గోడ కడుక్కుని, మిగిలిన నాలుగు రోజులూ మా అమ్మాయి తప్పు లేదనుకుంటూ బతుకుతాడు. ఇప్పటికే కూతురు పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు మీరెందుకు వెయ్యాలి?”

నత్త వెంటనే కాదనలేకపోయాడు. అబద్ధం ఆడటానికి ఇంత మంచి కారణం ఆయన ఎప్పుడూ చూడలేదు. మాస్టారి మొహం తలుచుకున్నాడు. ఒక చిన్న అబద్ధం, ఒక ముసలి ప్రాణానికి నిద్ర. స్ట్రిప్పులు తయారుచేసినవాళ్ళ మీద పడే నిందని కూడా ఒక క్షణం పక్కకి నెట్టేశాడు. మనిషే కదా.

“ఆ కాగితం తీసేస్తున్నారా సార్?” కడిగే ఆవిడ అడిగింది. “తీస్తే తియ్యండి గాని, పారెయ్యకండి. మిగతా ప్లాంట్లవాళ్ళు జిరాక్సు కావాలని అప్పుడప్పుడూ వస్తారు.”

నత్త ఆమె వైపు తిరిగాడు. “ఏ ప్లాంట్లవాళ్ళు?”

“మాస్టారి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు. ఇక్కడే నేర్చుకుని, ఈ కాగితం జిరాక్సు తీయించుకుని వెళ్ళారు. పదకొండు మంది. అందరికీ టీ ఇచ్చింది నేనేగా.”

పదకొండు ప్లాంట్లు. పది రోజులుగా వానలు, ఊరంతా పొంగుతున్న మురుగు. రేపు ఆరింటికి పదకొండు కుళాయిల కింద పదకొండు సీసాలు పెడతారు. ఒక్కో గొట్టమే కడుగుతారు.

టైబాబు చెయ్యి కిందికి దించేశాడు.

నత్త అట్ట తీసుకుని బయటికి నడిచాడు. మూడూ యాభై. మాస్టారు ఆయన్ని చూసి లేచి నిలబడ్డారు.

“మా అమ్మాయి పరీక్ష చేసిందా బాబూ?”

“చేసింది మాస్టారూ. పద్ధతిగా చేసింది. ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు.”

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. మొహం మీదికి ఒక వెలుగు వచ్చింది. “నాకు తెలుసు. నాకు తెలుసు బాబూ. నా చేతుల్లో పెరిగిన పిల్ల.” రెండు చేతులూ జోడించబోయారు.

నత్త ఆ చేతులు పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాడు. తనూ పక్కన కూర్చుని అంతా చెప్పాడు. బస్సు, సీట్లు, ఎర్ర చొక్కాలు. మాస్టారు వింటున్నారు. ఆ వృత్తిలో పండినవారు, సగంలోనే అర్థమైంది. అట్ట చేతికిచ్చేసరికి ఆయన చూపు ఆకుపచ్చ సిరా మీద ఉండిపోయింది.

మాస్టారు ఆ గీత మీద వేలు పెట్టారు. “నా మొదటి ఉద్యోగంలో మేనేజరు నా చేత శాంపిల్‌లో మంచినీళ్ళు కలిపించేవాడు. చెడ్డ నీళ్ళు పాసు కావాలని. ఆరు నెలలు కలిపాను. తర్వాత మానేసి వచ్చేశాను. ఇక చచ్చినా కలపనని ఒట్టు పెట్టుకున్నాను. ఈ స్ట్రిప్పులు కొత్తగా వచ్చినప్పుడు, పలచన చెయ్యమని ఉంటే, ఇదీ ఆ దొంగ ఎత్తే అనుకున్నాను. ఎందుకని ఎవర్నీ అడగలేదు. కొట్టేశాను.”

నత్త ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

“మాస్టారూ, ఆ పదకొండు మందీ…”

“ఆఁ.” పెద్దాయన ఉలిక్కిపడి జేబులో ఫోను వెతుక్కున్నారు. “ఆఁ. ముందు బోరు నీళ్ళవాళ్ళకి చెప్పాలి.” వేళ్ళు నంబరు తప్పు నొక్కాయి. మళ్ళీ నొక్కారు. అవతల వెంటనే ఎత్తారు. ఆ కంఠం నత్తకి కూడా వినిపించింది.

“మాస్టారూ! అమ్మాయి విషయం విన్నాను. రాలేకపోయాను, క్షమించండి. ఎవరేమన్నా మీరు పట్టించుకోకండి. మీ చేతికింద నేర్చుకున్నవాళ్ళు తప్పు చెయ్యరు. నేనెక్కడైనా అదే చెప్తాను.”

మాస్టారు ఫోను చెవికి అదిమిపెట్టుకున్నారు. “ఒరేయ్, నా మాట విను. రేపటి నుంచి శాంపిల్‌లో నీళ్ళు కలిపి కూడా పరీక్ష చెయ్యి. పదిపాళ్ళు ఒకటి, వందపాళ్ళు ఒకటి. ఇవాళ్టి సీసా ఫ్రిజ్‌లో ఉంటే ఇప్పుడే చెయ్యి.”

“కలపాలా? మీరే కదా మాస్టారూ, కలిపితే చెయ్యి విరగ్గొడతానన్నారు?”

పెద్దాయన నత్త వైపు చూశారు.

“నేను తప్పు చెప్పాను రా,” అన్నారు మాస్టారు. “మీకూ, దానికీ.”

ఇంకా పది నంబర్లున్నాయి.